పిడి విరిగిన కప్పు

పక్కింటి వదిన రాసిచ్చిన చీటీ చూసి చేసిన కేకు మూడోసారీ ఆమ్లెట్టులాగే వచ్చింది. ఆవిడ చేస్తే మాత్రం దూదిలా ఉంటుంది. అడగ్గానే నవ్వుతూ రాసిచ్చినప్పుడే అనుకున్నాను, ఏదో ఒకటి ఎగ్గొట్టే ఉంటుందని.

"ఈసారి నువ్వు చేస్తుంటే చూస్తాను వదినా" అని వెళ్లి, వంటగట్టు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ చేతుల మీంచి చూపు తిప్పలేదు. మూడు గుడ్లు, రెండు కప్పుల పిండి, కప్పు పంచదార, కప్పు వెన్న. అన్నీ చీటీలో ఉన్నవే.

"ఏంటే, పరీక్షలో కాపీ కొట్టేవాళ్లని చూసినట్టు చూస్తున్నావు?" అంది.

అప్పుడు పడింది నా కన్ను ఆ కప్పు మీద. పిడి విరిగిన పాత కప్పు. మా ఇంటి కప్పులు రెండు పడతాయి అందులో.

"అయ్యో, కప్పు సంగతి చెప్పడం మర్చిపోయాను! నీకు గుడ్లు మరీ ఎక్కువైపోయి ఉంటాయి" అని నొచ్చుకుంది వదిన. "నీ సూపు కూడా నాకు ఎన్నిసార్లు చేసినా కుదరట్లేదే. నువ్వు రాసింది రాసినట్టే చేస్తాను. నా చెయ్యే అంత."

నేను తల వంచుకుని చీటీ మడత పెట్టాను. ఆ సూపులో వేయించిన వెల్లుల్లి వెయ్యాలని నేను రాయలేదు.

మర్చిపోయి కాదు.