ఆకుపచ్చ వరస

తుఫాను ఇంకా తగ్గలేదు. ఫిజీ దీవుల్లోని సువా రేవులో పడవల సంఘం ఆఫీసు గంట పొద్దుటినుంచీ ఆగకుండా మోగుతోంది.

ప్రతి పడవలోనూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానికి రెండు బటన్లు. ప్రాణం మీదికొస్తే ఎర్రది, మామూలు కబురైతే ఆకుపచ్చది. ఆఫీసు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఆ కబుర్లు అందుకుంటుంది, ఇంకొకటి తెర మీద చూపిస్తుంది. రెండింటికీ మధ్య ఒక క్యూ. ఎర్రవి గంట మోగించి ముందుకెళ్తాయి. అవన్నీ అయ్యాకే ఆకుపచ్చవాటి వంతు. ఈ ఏర్పాటంతా ఆ ఆఫీసులో పనిచేసే సెమెసా రాసిందే.

ఇవాళ ఎర్రవి అవడం లేదు.

"చూడు బావా, వీడి ప్రాణాపాయం!" అన్నాడు మేనత్త కొడుకు అపొరోసా, తెరకేసి వేలు చూపిస్తూ. "రేవులో పెట్రోలు దొరుకుతుందా అట. వీడికేమో రగ్బీ ఆట ఉందో లేదో కావాలట."

సెమెసా నవ్వలేదు. నిన్న చేపల వేటకెళ్ళిన తండ్రి ఇలైటియా ఇంకా తిరిగి రాలేదు.

"మామయ్యకేం కాదులే. ఆపదే వస్తే ఎర్రది నొక్కడూ? పోయినేడాది రోజూ నొక్కేవాడుగా! గంట మోగిందని పరిగెత్తుకొచ్చి చూస్తే, 'సెమెసా, తిన్నావా?' అని. గంట కొట్టి మరీ కొడుకు ఆకలి అడిగే తండ్రిని నేనెక్కడా చూళ్ళేదు. ఈమధ్యే బుద్ధిమంతుడయ్యాడు, ఆ గంటే లేదు."

సెమెసా మొహం పాలిపోయింది.

"జరుగు. పచ్చవి తెరుస్తా."

"ఎర్రవి అవకుండానా? వరస ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నది నువ్వే కదయ్యా!"

"జరగమన్నానా!"

ఆకుపచ్చ వరసలో అన్నిటికన్నా ముందుంది తండ్రి పంపిన కబురు. తెల్లవారుతూనే వచ్చింది.

'ఇంజను ఆగింది. నీళ్ళొస్తున్నాయి. సెమెసా, చూస్తున్నావా?'

రక్షణ పడవ బయల్దేరింది. పగడపు దిబ్బ పక్కన బోర్లాపడ్డ పడవ దొరికింది. మర్నాడు ఇలైటియా దొరికాడు.

చావింట్లో చాపలు పరిచారు. ఊరంతా వచ్చింది. యంగోనా వేళ్ళు కలిపిన పానీయం గిన్నె చుట్టూ పెద్దలు తల వంచుకుని కూర్చున్నారు. పాస్టరు లేచి నిలబడ్డాడు.

"రగ్బీ ఆట కోసం ఎర్ర బటన్ నొక్కే రోజులివి. నీళ్ళు పాదాలు దాటుతున్నా, నాకన్నా ఆపదలో ఉన్నవాళ్ళుంటారేమో అని ఆకుపచ్చది నొక్కి, తన వంతు కోసం ఓపిగ్గా కూర్చున్నాడు మన ఇలైటియా. ఇంతకన్నా గొప్ప ప్రార్థన ఏముంటుంది?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఎప్పుడూ వేళాకోళాలాడే అపొరోసా ఏడుస్తూ అడిగాడు.

"అయ్యగారూ, మరి ఓపిగ్గా కూర్చున్నవాణ్ణే దేవుడెందుకు తీసుకెళ్ళాడండీ?"

పాస్టరు కళ్ళు మూసుకున్నాడు.

ఊరిపెద్ద మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, సెమెసా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అలాంటి తండ్రికి పుట్టావు నాయనా. ఆయన మంచితనమే నీకు ఆస్తి."

సెమెసా తల వంచాడు. అందరూ అది వినయమనుకున్నారు.

ఇలైటియా నొక్కింది ఎర్ర బటనే. ఆఫీసులో నవ్వులు భరించలేక, ఆ ఒక్క పడవ నుంచి ఏ కబురొచ్చినా గంట మోగకుండా ఆకుపచ్చ వరసలో పడేసేలా పోయిన క్రిస్మస్‌కి ప్రోగ్రాం మార్చింది సెమెసాయే.