ఆకాశానికి నీళ్లు

"ధార కిందికి దించరా. మంట ఓడ మీదుంది, ఆకాశంలో కాదు," అన్నాడు ఫైర్‌బోటు నడుపుతున్న మేనమామ.

గొట్టం దగ్గరున్న మేనల్లుడు నాలిక్కరుచుకున్నాడు. రేవుకొచ్చిన పెద్దల ఓడలకు పైకి నీళ్లు చిమ్మి స్వాగతం చెప్పడమే తప్ప, ఆ బోటు ఇంతవరకూ నిప్పు మొహం చూడలేదు.

"ఓడ చివర జనం చిక్కుకున్నారు మామయ్యా."

"అందుకే దించమంటున్నా."

ధార దిగింది. ఆ విసురుకి వెనక్కి పోతున్న బోటును మామ ఇంజన్‌తో ముందుకు నెడుతూనే ఉన్నాడు.

మంట ఆరింది. చిక్కుకున్న నావికులంతా మసి మొహాలతో బయటికొచ్చారు.

"పెద్దలైతే ఈపాటికి చప్పట్లు కొట్టేవాళ్లు," అన్నాడు మేనల్లుడు.

మామ అటు చూశాడు. నావికులు ఒకరినొకరు గట్టిగా వాటేసుకుని నిలబడ్డారు.

"వీళ్లకి చేతులు ఖాళీ లేవురా."