ముట్టెయ్య కట్టిన కట్ట

అడవిపంది ముట్టెయ్య ఒక్కడే ముట్టెతో మట్టి తోడి, వాగుకు అడ్డంగా చిన్న కట్ట పోశాడు. వానలు వెలిసేసరికి దాని వెనక కుంట నిండింది. ఇక ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. "కష్టం నాది, కట్ట నాది, నీళ్ళు నావి!" అంటూ కుందేలు మూతి పెట్టినా తరిమేవాడు.

ఎండలు ముదిరాయి. అడవి మొత్తానికి నీళ్ళున్నది ఆ కుంటలోనే. ఒకరోజు నెర్రెలిచ్చిన కట్టకు బుడబుడమంటూ గండి పడింది. ముట్టెయ్య మరో దారి తోచక పరుగున వెళ్ళి, తన పిరుదులే గండికి అడ్డంపెట్టి కూర్చున్నాడు. నీళ్ళు ఆగాయి. కానీ లేస్తే కుంట ఖాళీ!

అది కనిపెట్టిన జంతువులన్నీ ఆయన కళ్ళముందే తాపీగా నీళ్ళు తాగసాగాయి.

"తలా కాస్త మట్టి తెచ్చి వెయ్యండర్రా. కట్ట మనందరిదీ కదా!" అని బతిమాలాడు ముట్టెయ్య.

"మరి నీళ్ళో మామా?" అంది ముళ్ళపంది.

ముట్టెయ్య కాసేపు నసిగాడు. "నీళ్ళు మాత్రం నావే."

"అయితే ఇంకాసేపు కూర్చో," అని ముళ్ళపంది మళ్ళీ తాగింది.

పొద్దు వాలింది. ముట్టెయ్య నడుము పట్టేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. అంతలో ఒక ఎండ్రకాయ గండిలోకి పాక్కుంటూ వచ్చి, దారికి అడ్డం ఏమిటా అని గట్టిగా ఒక్క పట్టు పట్టింది.

"ఓరి నాయనో! నీళ్ళూ మనవేనర్రా!"

ఆ కేక అడవంతా వినబడింది. అది ఆగేలోపే నాలుగు వైపుల నుంచీ మట్టి వచ్చి పడింది.