హారన్ కొట్టని తొవ్వ

“మల్ల దిగినవా?” అంది లచ్చమ్మ నవ్వుతూ.

ఆమెది మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ పని. స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నుంచి ఎల్‌బీ నగర్ వైపు వెళ్లే మనిషి. కొన్నాళ్లుగా సగం దారిలో చైతన్యపురిలో దిగి, ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుంటోంది.

“మా ఆయన ఫోన్ చేసే టైమక్కా.”

“బండిల కూసోని మాట్లాడరాదు?”

“బండిల సరిగ్గ ఇనబడదు.”

“ఫ్రాన్స్ నుంచి ఇనబడ్తది గని, మన బండిల ఇనబడదా!” అని లచ్చమ్మ ఈల ఊదుకుంటూ అటు వెళ్లింది.

ఫోన్ మోగింది.

“స్వప్నా, ఇనబడుతుందా?”

రంజిత్ గొంతు. వెనక పిట్టల కూతలు, సైకిల్ చైను తిరుగుతున్న సన్నని చప్పుడు.

“ఆ, చెప్పు. ఏడున్నవ్?”

“కాలువ గట్టు మీద. తెల్లోళ్లందరు ముందు పోతున్నరు. నేను ఎనక.”

రంజిత్ సైకిల్ మెకానిక్. ఫ్రాన్స్ పల్లెల్లో సైకిళ్ల మీద తిరిగే టూరిస్టుల వెంట వెళ్లి పంక్చర్లు వేసే ఉద్యోగం ఉందని ఏజెంటు చెబితే ఎండాకాలంలో బయల్దేరాడు. అది మామూలు బయల్దేరడం కాదు. అన్న కమలాకర్ ప్లాట్లు అమ్మే మనిషి, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. నల్లకళ్లద్దాల్లో రంజిత్, వెనక ఈఫిల్ టవర్, కింద బస్తీ పెద్దల ఫొటోలు. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టి, మెడలో దండ వేసి, గల్లీకి గల్లీ అంతా కదిలి సాగనంపింది. అంత చేశాక పోయినవాడు గొప్పగా ఉండి తీరాల్సిందే.

“తొవ్వ ఎట్లుంది?” అడిగింది స్వప్న.

“సన్నది. రెండు దిక్కుల పొద్దుతిరుగుడు చేన్లు. ఎప్పుడన్న ఒక కారొస్తది, గంతే.”

“హారన్ కొడ్తడా?”

“కొట్టడు. మనం పక్కకు జరిగేదాక ఎనకనే నిమ్మలంగ వస్తడు.”

“తొందరుండదా ఆయనకు?”

“గీడ ఎవ్వనికి తొందరుండదే.”

కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. స్వప్న రెండో చెవి మూసుకుంది.

“తిన్నవా?”

“ఆ. బ్రెడ్డు, చీజు.”

“అన్నం?”

“గీడ అన్నమెక్కడిది?”

“అందుకే బక్కగైనవ్.”

“వీడియో కాలే చెయ్యలే కదా, నీకెట్ల ఎరుక?”

స్వప్న ఒక్క క్షణం తడబడింది. “గొంతుల తెలుస్తది,” అంది.

ఒక్క మనిషికి అన్నం వండితే రోజూ గిన్నె అడుగంటుతోంది. వండింది బాగుందనే వాళ్లు లేరు, బాగాలేదని అలిగే వాళ్లూ లేరు. స్వప్నకు మనిషి కావాలి. ఫ్రాన్సు ఆమెకు ఏనాడూ అక్కర్లేదు. ఆ మాట అప్పుడే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు బాధపడుతుంది.

“ఫ్లెక్సీ తీసేసిన్రు,” అంది.

“ఎవరు?”

“మున్సిపాలిటోళ్లు. కమలాకర్ బావ గూడ మర్చిపోయిండు. ఆయనకిప్పుడు మీర్‌పేట్‌ల కొత్త వెంచర్ పిచ్చి. నీ గురించి ఎవ్వరడుగుతలేరు.”

పిట్టలు కూస్తూనే ఉన్నాయి.

“ఎవ్వరు అడుగుతలేరా?” అన్నాడు రంజిత్.

“ఎవ్వరు. ఎవ్వని పరేషాన్ వానికే ఉన్నది.”

అటువైపు గంట మోగింది.

“గుడి గంటనా?”

“చర్చిది.”

“నిన్న గూడ మోగింది.”

“రోజు మోగుతదే,” అన్నాడు గబగబా. “స్వప్నా, సీజనైపోయినంక వస్త.”

“గిప్పుడే రా.”

“ఊరికే వస్తే ఏమంటరు? గంత ఊరేగించి పంపిన్రు.”

“ఎవ్వరికి చెప్పకుండ రా. తెల్లారగట్ల మన గుడి ఎనక గల్లీల నుంచి వస్తే నరపురుగు గూడ ఉండదు. నీ కాలువ గట్టు కంటె నయం. హారన్ కొట్టెటోడుండడు, ఏమైందని అడిగెటోడుండడు. నేను గూడ అడగ.”

“ఏమడగవ్?”

“ఏమడగ. కడుపునిండ తిని పండుకో, గంతే.”

ఫోన్‌లో చైను ఎక్కడా ఆగకుండా, ఎత్తుకూ పల్లానికీ ఒకే తీరుగా తిరుగుతూనే ఉంది. ఒక బండి వచ్చి, దిగేవాళ్లను దింపి, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఇంతమంది ఇళ్లకు వెళ్తున్నారు కదా అని స్వప్నకు ఏడుపొచ్చింది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

గాలి లేచింది. నాలుగు చినుకులు ప్లాట్‌ఫాం అంచున టపటపా పడ్డాయి.

“లోపటికి జరుగమ్మా, తడుస్తవ్!” అని దూరం నుంచే కేక వేసింది లచ్చమ్మ.

స్వప్న జరగలేదు.

“గాడ వానలున్నయా?” అని అడిగింది ఫోన్‌లో.

“వానెక్కడిది? మస్తు ఎండ. మబ్బు తునక లేదు,” అన్నాడు రంజిత్.

“అట్లనా,” అంది స్వప్న. లేచి నిలబడి, పట్టాలకు అవతల, రోజూ ఆ బెంచీ మీంచి చూసే డాబా వైపు చూసింది. వాన జోరందుకుంది.

“డాబా మీద నీ బట్టలు తడుస్తున్నయ్, తీస్కో.”