ఒక టెరాబైటు పరువు

ఆ డిస్కులో దాచుకోవలసిందేదో ఉందని ఆవిడ గొంతు వింటూనే తణికాచలం పసిగట్టాడు.

"అన్నా, ఏం చేసైనా దీన్ని బతికించు. మా ఇంటి పరువంతా ఇందులోనే ఉంది," అంది వళర్మతి, రుమాల్లో చుట్టి తెచ్చిన హార్డ్ డిస్కును కౌంటరు మీద పెడుతూ. ఆమె వెనక ఒక బక్కపలచని మనిషి టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడ్డాడు. మొగుడై ఉంటాడు, నోట్లో నాలుక లేని రకం, అనుకున్నాడు తణికాచలం.

చెన్నైలో, రిచ్చీ స్ట్రీటులో ఒక మేడ మీద ఉంది అతని కొట్టు. పాడైన డిస్కుల్లోంచి ఫోటోలూ ఫైళ్లూ బయటికి తీయడం అతని వృత్తి. తీసినవాటిని ముందు తను చూసుకోవడం అలవాటు. పరువు అనే మాట చెవిన పడగానే అతనికి నోరూరింది. పరువున్నవాళ్లు ఒక్కసారి ఇచ్చి ఊరుకోరు, అడిగినప్పుడల్లా ఇస్తారు.

డిస్కును కంప్యూటరుకు తగిలించి చెవి ఒగ్గాడు. టిక్కు టిక్కుమంటోంది.

"లోపల చదివే ముల్లు విరిగిందమ్మా. ఇంకో డిస్కులోంచి ముల్లు తీసి దీనికి పెట్టాలి. ఏదో ఒకటి పెడితే కుదరదు, జాతకాలు కలవాలి. అదే మోడలు, అదే ఫ్యాక్టరీ, అదే నెలలో పుట్టింది కావాలి."

"వీధంతా తిరిగానన్నా. అందరూ ఇదే మాట. ఎవరి దగ్గరా అలాంటిది లేదట."

"వాళ్ల దగ్గర ఏముంటుంది, బోర్డు తప్ప! కూర్చో."

వెనక గదిలో ఇనప బీరువా తెరిచి వెతికాడు. అడుగు అరలో దొరికింది. మోడలూ నెలా ఫ్యాక్టరీ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. అది ఎవరిదో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు.

ఏడాదిన్నర కిందట కంచి నుంచి ఏకాంబరం అనే ముసలాయన తెచ్చిన డిస్కది. అక్కడి నేత సొసైటీకి పట్టుచీరల అంచులు గీసేవాడు. ఇరవై ఏళ్ల గీతలన్నీ అందులోనే. జబ్బు చిన్నది, పూటలో నయమైంది. నయం చేసిన తణికాచలం మొహం మాత్రం వేలాడేసుకుని, "లోపల తిరిగే పళ్లెమంతా గీసుకుపోయింది పెద్దాయనా, ఒక్క అంచూ మిగల్లేదు," అని చీటీ రాసిచ్చి పంపేశాడు. డిజైన్లను టీ నగర్లో ఒక చీరల కొట్టుకు అమ్ముకున్నాడు. ఆ అంచులు అద్దాల వెనక బొమ్మల ఒంటి మీద కనబడేసరికి, సొసైటీ డిజైన్లు అమ్ముకున్న దొంగ అని ముసలాయన్నే వెలివేశారట. విని పాపం అనుకున్నాడు. అనుకోవడానికి ఖర్చేముంది?

డిస్కును మాత్రం పారేయలేదు. చేతికొచ్చిన దాన్ని పారేసే వంశం కాదు అతనిది.

"దొరికిందమ్మా! నీ అదృష్టం," అంటూ బయటికొచ్చి దాన్ని ఊపి చూపించాడు.

వళర్మతి మూతి విరిచింది. "చచ్చినదాని ముల్లు పెడతావేమో. శవం పళ్లు ఊడబెరికి పెళ్లికొడుక్కి కట్టినట్టు!"

"ఎంత మాట! దీని మీద ఒక్క గీత లేదు. గుండ్రాయిలా ఉంది."

బక్కమనిషి అప్పుడు నోరు విప్పాడు. "ఆ ముక్క కాగితం మీద రాయండి. దాని నంబరుతో సహా."

"ఈయనింతే అన్నా. చీపురు కొన్నా చీటీ కావాలి," అని విసుక్కుంది వళర్మతి.

రాస్తే పోయేదేముంది? ఏ కాగితం మీదైనా పైన పిళ్ళయార్ సుళి చుట్టనిదే తణికాచలం కలం కదలదు. అబద్ధమైనా సరే, వినాయకుడి గుర్తుతోనే మొదలవ్వాలి. సుళి చుట్టి, నంబరు చూసి ఎక్కించి, 'ఒక్క గీత లేని మంచి డిస్కు, దీని ముల్లు వాడుతున్నాను' అని రాసి సంతకం గిలికాడు. అలాంటి చీటీలు ఏడాదికి వంద రాస్తాడు. ఎవడు దాచుకుంటాడు గనక?

రెండు రోజుల్లో ముల్లు మార్చాడు. డిస్కు లేచింది. వాళ్లు వచ్చేలోపే తలుపేసుకుని ఆశగా తెరిచి చూశాడు.

ఖాళీ. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గాలించాడు. ఒక ఫోటో లేదు, ఒక ఉత్తరం లేదు. పరువు మాట దేవుడెరుగు, పెళ్లి శుభలేఖ కూడా లేదు.

వాళ్లు వచ్చాక తల గోక్కుంటూ అన్నాడు. "నేనేం చూడలేదు గానీ... ఇందులో ఏమీ లేదేంటమ్మా?"

"ఉండదన్నా. మొన్నటిదాకా అది డబ్బాలోంచి బయటికే రాలేదు."

వళర్మతి సంచిలోంచి మడతలు నలిగిన కాగితం తీసి, అతను మొన్న రాసిచ్చిన చీటీ పక్కన పెట్టింది. రెంటికీ పైన అదే సుళి. అదే రాత, అదే సంతకం, అదే నంబరు. పాతదాని మీద మాత్రం, 'పళ్లెం పూర్తిగా పాడైంది, డిస్కు చెత్తలో పారేశాను' అని ఉంది.

"ఏకాంబరం మా నాన్న. ఏడాదైంది ఆయన గడప దాటి," అంది.

బక్కమనిషి క్యారియరు కింద పెట్టి, జేబులోంచి పోలీసు కార్డు తీశాడు. "కంచి క్రైం ఎస్సైని. ఆ బీరువా తాళాలు ఇలా పడెయ్."

తాళాలు ఇస్తూ కూడా తణికాచలానికి ఆ ఒక్క సంగతీ మింగుడు పడలేదు. "ఇన్నాళ్లైనా అది నా దగ్గరే ఉందని నీకెలా తెలుసమ్మా?"

"తెలీదన్నా. నాన్న ఒకే బిల్లు మీద రెండు కొన్నాడు. జత ఎక్కడున్నా నువ్వే వెతికి తెస్తావని, రెండోదాన్ని నేనే నేలకేసి కొట్టాను."