కింద నుంచి చూడాల్సిన బొమ్మ

“ఏందయ్యా ఇది? మా ఇంటిదాని మొహం గుర్రం మొహంలా సాగదీశావు!”

వెంకటకృష్ణయ్య శెట్టి కేకకు గోడౌనులో మిరప బస్తాలు సర్దుతున్నవాళ్ళు చేతులు ఆపేశారు.

ఎదురుగా నిలువెత్తు సిమెంటు కుండ. దాని గుండ్రటి బొజ్జ మీద చెంబు వంచి నీళ్ళు పోస్తున్న సుందరమ్మ బొమ్మ. ఆమె శెట్టిగారి భార్య. పోయి నాలుగేళ్ళయింది.

ఎనభై మూడు ఎండాకాలం. గురజాల బస్టాండు పక్కన శెట్టిగారు భార్య పేరున మంచినీళ్ళ ట్యాంకు కట్టిస్తున్నారు. పన్నెండడుగుల స్తంభాల మీదికి ఈ కుండ ఎక్కాలి. ఎల్లుండే ప్రారంభం.

జనానికి నీళ్ళు ఒక వంక. ఆయన అసలు కోరిక వేరు.

కూతురు కోటేశ్వరి ఏడాది పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఇంట్లో ఉన్నది పెళ్ళినాటి ఫొటో ఒక్కటే. అందులో సుందరమ్మ తల వంచుకుని ఉంది. బాసికం చాటున మొహం సగం కూడా కనపడదు. పిల్ల తల్లి మొహాన్ని నిండుగా చూడాలని ఆయన తపన.

ఈ పెయింటరు వారం కిందట కారంపూడి బస్సు దిగి వచ్చాడు. మాసిన గడ్డం, భుజాన సంచీ. “ఆ బొమ్మ నేనేస్తానండీ” అన్నాడు. శెట్టిగారు పేరైనా అడగలేదు.

ఫొటో ఒక్కసారి చూసి తిరిగిచ్చేశాడు. గాజుపలక మీద నల్లరంగుతో సుందరమ్మను గీశాడు. కుండను కాస్త వెనక్కి వాల్పించి, పట్టపగలే తలుపులు మూయించాడు. దూరంగా నేలమీద బుడ్డిదీపం పెట్టి, దాని ముందు గాజుపలక నిలబెట్టాడు.

గీతల నీడ కుండ మీద పడింది. ఆ నీడ వెంటే కుంచె నడిపాడు. వంపు దగ్గర గీత సాగితే సాగనిచ్చాడు.

“ఇది కిందనుంచి చూసే బొమ్మండీ. కుండ పైకెక్కితే నుదురు వెనక్కి పోద్ది, సగమే కనపడుద్ది. అందుకే పొడుగ్గా ఏశా. దీపం పెట్టిన చోట చూసేవాళ్ళ కన్ను ఉన్నట్టు లెక్క.”

“నాకు లెక్కలు చెప్పబాక! ఫొటో చూడకుండా ఏస్తే ఇట్టాగే ఏడుస్తది.”

కందిపప్పైనా బెల్లమైనా కళ్ళ దగ్గర పెట్టుకుంటేగాని శెట్టిగారికి నమ్మకం కుదరదు. ఇప్పుడు కూడా కుండకు జానెడు దూరంలో నిలబడ్డారు.

“ఒక్కసారి పైకెక్కించి చూడండి. అప్పటికీ నచ్చకపోతే నేనే చెరిపేస్తా.”

“ఎక్కించినాక దించేదెవరు, మీ తాతా? ఫో, నడువ్!”

ఆ మనిషి సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో ఆడుకుంటున్న కోటేశ్వరి తల నిమిరి వెళ్ళిపోయాడు.

లారీల మీద బొమ్మలేసే బాజీకి కబురు వెళ్ళింది.

“శెట్టిగారూ, చెయ్యి తిరిగినోడి పని ఇది. నేను ముట్టుకుంటే చెడిపోద్దేమో.”

“మొహం వరకే దిద్దు. మిగతాది ఎవడు చూస్తాడు?”

బాజీ దిద్దాడు. దగ్గర నుంచి చూస్తే మొహం గుండ్రంగా, చక్కగా కుదిరింది. శెట్టిగారి కళ్ళు చెమర్చాయి.

ప్రారంభం రోజు పొద్దున్నే కుండ పైకెక్కింది. కప్పి ఉంచిన దుప్పటి లాగారు.

జనం తలెత్తి చూశారు. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

సుందరమ్మకు నుదురు లేదు. కళ్ళు జుట్టులోకి పోయాయి. మొహం అదిమిన పిండిముద్దలా ఉంది.

కానీ బాజీ ముట్టుకోని ఆ చేతులు! చెంబు వంచిన ఆ వేళ్ళు! శెట్టిగారికి రోజూ అన్నం వడ్డించిన వేళ్ళే అవి. దోసిలి పడితే నీళ్ళు పడేట్టున్నాయి.

“నానా, అమ్మ ఇట్టా ఉండేదా?” కోటేశ్వరి బిక్కమొహం వేసింది.

చేతుల్నే అలా వేసినవాడు మొహాన్ని ఎలా వేసి ఉంటాడో ఆయనకు అప్పుడు అర్థమయింది. అర్థమై ఏం లాభం? దగ్గరుండి తనే చెరిపించారు. దుఃఖం ఆగలేదు.

“బాజీ, ఆయన యాడున్నాడ్రా?”

“మొన్ననే మాచర్ల బస్సెక్కాడండీ. యాడికంటే చెప్పలా.”

అంతలో కారంపూడి బస్సు వచ్చింది. సుందరమ్మను పెంచిన పిన్ని వెంకాయమ్మ ఆయాసపడుతూ దిగింది. దిగుతూనే నాలుగు వైపులా వెతుక్కుంది.

“వాడేడి నాయనా?”

“ఎవరత్తయ్యా?”

“నీకు బొమ్మేసినోడు. నేనేగా పంపించింది.”

“ఆ పెయింటరా?” శెట్టిగారి తల వాలిపోయింది. “తరిమేశానత్తయ్యా. నా బుద్ధి గడ్డి తిన్నది. యాడుంటాడో చెప్పండి, కాళ్ళు పట్టుకుని తెచ్చుకుంటా.”

వెంకాయమ్మ ట్యాంకు మెట్టు మీద కూలబడింది. పిల్లను దగ్గరకు లాక్కుంది.

“పెయింటరేంది నాయనా, వాడు సుందరమ్మ అన్న కోటయ్య. మీ పెళ్ళికి ముందే నాటకాలోళ్ళతో పోయాడని వాళ్ళ నాన్న నీళ్ళొదిలేశాడు. చెల్లెలి బొమ్మ పూర్తయినాక బావకు చెప్పుకుంటానన్నాడు.”