ఒక్క ముక్క హక్కు

“నా నోరు, నా నాలుక, నా కడుపు. మధ్యలో నువ్వెవరు మారీ?” అన్నారు రామచంద్రన్ సారు, మిఠాయి పెట్టిన గాజు బీరువా మీద వేలితో కొడుతూ.

“అంగడి నాది సార్,” అంది మారిసెల్వి, పాకం గరిటె పక్కన పెట్టి.

కోవిల్‌పట్టి బస్టాండు దగ్గరున్న ఆ కడలమిఠాయి అంగడిలో ప్రతి శుక్రవారం ఇదే తంతు. వేయించిన వేరుశనగ గింజలు బెల్లం పాకంలో పడ్డాయంటే చాలు, బస్సెక్కి కూర్చున్నవాడు కూడా ఆ వాసనకి దిగొస్తాడు. ఇక సారు సంగతి చెప్పేదేముంది. ఆయన విరుదునగర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మారిసెల్వి రోజూ పాసింజరు బండి పట్టుకుని వెళ్ళి ఆయన దగ్గరే చదివింది. బజారులో అందరితో అరవంలో మాట్లాడే ఈ ఇద్దరూ ఈ గొడవ మాత్రం ఇంటి తెలుగులోనే పడతారు. పదిమందిలో సారు పరువు నిలబడాలి కదా.

ఆ వేళ ఆ ఏర్పాటు పనిచెయ్యలేదు. అరుప్పుకోట్టై నుంచి చీరల మూటతో వచ్చిన చెల్లదురై బల్ల మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నాడు. మగ్గాలున్న ఇంట్లో పుట్టినవాడు, వాళ్ళింట్లోనూ తెలుగే. పొల్లుపోకుండా వింటున్నాడు.

“నీకు క్లాసులో ఏం చెప్పినాను?” అని నిలదీశారు సారు.

“మన చేలో మనం ఏం వేసుకున్నా అడిగే హక్కు ఎవురికీ లేదన్నారు. మన మేక పక్క చేలో పడితేనే కట్టెయ్యాలన్నారు.”

“గుర్తుండాదే. మరి నేను ఒక ముక్క తింటే ఎవురి చేలో పడిందమ్మా మేక?”

మారిసెల్వి బీరువా తలుపు గట్టిగా మూసింది. సారు ఒక్క ముక్కతో ఎన్నడూ ఆగిన మనిషి కాదు. రెండేళ్ళ కిందట మదురై ఆస్పత్రిలో షుగరు వల్ల ఆయన కాలి వేలొకటి తీసేశారు. అంతకుముందు దాకా రోజూ పొట్లం కట్టి చేతికిచ్చింది తనే. ఆ కాలు చూసినప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమంటుంది. అలాగని కాదన్న ప్రతిసారీ, ఈయన అలిగి ఇక ఈ గడప తొక్కరేమోనని భయం. తండ్రి లేని తనకి ధైర్యం చెప్పి డిగ్రీ గట్టెక్కించిన మనిషి ఆయన. వారానికోసారి వచ్చి అలా పోట్లాడి వెళ్తేనే ఆమెకి వారం గడిచినట్టుంటుంది.

“ఎవురు అడిగినా మీకు ఇయ్యనని మాట ఇచ్చినాను సార్,” అంది చివరికి.

“ఆ మాట పుచ్చుకున్నవాళ్ళకి బుద్ధి లేదు. ఎప్పుడో పుచ్చుకున్న మాట ఈ పూట నా నోటికి తాళం వెయ్యాలా? దీన్ని నియంతృత్వం అంటారు.”

“వాళ్ళని ఏమీ అనమాకండి సార్. నాకు చానా పెద్దోళ్ళు.”

చెల్లదురై ఇక ఉండబట్టలేకపోయాడు. “ఏందక్కా ఇది? వయసైన మనిషి అంతగా అడుగుతాంటే ఒక ముక్కకేం వచ్చింది?”

తనవైపు ఒక మనిషి దొరికేసరికి సారుకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఫోను తీసి భార్యకి కలిపి, స్పీకరు పెట్టి బీరువా మీద ఉంచారు.

“మారీ, నేను సుబ్బమ్మాళ్‌ని,” అంది అవతలి గొంతు. “ఈరోజు ఆయన పుట్టినరోజు. పొద్దున్నించీ నా చెవి తినేస్తాండారు. పోనీలే, ఒకటి ఇచ్చెయ్. ఎప్పుడన్నా ఒకటైతే ఏం కాదని నిన్న డాక్టరే చెప్పినాడు.”

“కుదరదమ్మా, ఏమనుకోమాకండి,” అంది మారిసెల్వి.

సారు మొహం చిన్నబోయింది. చెల్లదురైకి ఒళ్ళు మండింది. లేచి వచ్చి, “నాకు పావు కిలో ఇయ్యక్కా,” అని డబ్బు పెట్టి పొట్లం తీసుకున్నాడు. అక్కడే విప్పి సారు ముందు పట్టాడు.

“కొన్నాక నా సొత్తు, నా ఇష్టం. పుట్టినరోజు కానుక అనుకోండి సార్.”

సారు చెయ్యి చాచారు. వేళ్ళు ముక్కకి తగిలేలోపే మారిసెల్వి బీరువా వెనక నుంచి వచ్చి పొట్లం లాక్కుంది. అంగట్లో అందరూ ఇటు తిరిగారు. ఆమె చెల్లదురై డబ్బు అతని చేతిలో పెట్టేసింది.

“నీకూ అమ్మను, అన్నా,” అంది. తర్వాత సారు వైపు తిరిగింది. “మీరు ఇక ఈ అంగడికి రాకపోయినా సరే సార్. ఇయ్యను.”

అంత మాట అనేశాక ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారు మిఠాయి కోసం చాచిన చేత్తోనే ఆమె తల నిమిరారు.

“రాకపోతే ఎట్లమ్మా? వాదన ఇంకా తేలలేదు. వచ్చే శుక్రవారం వస్తాను,” అన్నారు.

కుండలో నీళ్ళు ఒక గ్లాసు తాగి, గొడుగు విప్పుకుని, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మారిసెల్వి గుండెల మీంచి బరువు దిగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గరిటె అందుకుంది.

చెల్లదురై కోపం మాత్రం చల్లారలేదు. “ఇంటామె ఇయ్యమనింది. డాక్టరు సరేనన్నాడు. ఇంకా కాదనేదానికి ఎవురు మిగిలినారక్కా? అసలు ఆ మాట నువ్వు ఎవురికిచ్చినావు?”

“సారుకే, అన్నా.”